గుమ్మటం: గుర్తా, విద్యా?
మద్రాసు వాస్తుశిల్పి చిషోమ్ కట్టడాలపై ఒక పరిశీలన

పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధంలో ఆంగ్ల ప్రభుత్వం ఈ దేశంలో కట్టించిన కచేరీలు, కళాశాలలు, మ్యూజియములు అనేకం గుమ్మటాలతోను, మీనార్లతోను, కమానులతోను నిండి ఉన్నాయి. వాస్తుచరిత్రకారులు వీటి రీతికి 'ఇండో-సారసెనిక్' అని పేరు పెట్టారు. 'సారసెన్' అన్నది ముస్లిములు తమకు తాము పెట్టుకున్న పేరు కాదు. మధ్యయుగాలలో యూరపు క్రైస్తవులు మొదట అరబ్బులను, పిదప ముస్లిములందరినీ ఆ మాటతో వ్యవహరించారు. ఆ పరాయి పేరే చివరకు భారతదేశపు భవనాలకు కూడా అంటుకున్నది.

ఈ కట్టడాలను గురించి ముస్లిం విద్యావంతులలో రెండు అభిప్రాయాలు వినవస్తాయి. ఇస్లామీయ వాస్తుకళ ఘనతను పాలకులు సైతం అంగీకరించారనటానికి ఇవి నిదర్శనాలని కొందరు గర్విస్తారు. రాజ్యాలు పుచ్చుకున్నవారు గుమ్మటాలు కూడా పుచ్చుకున్నారని మరికొందరు బాధపడతారు. రెండింటిలోను కొంత సత్యం ఉన్నది. అయితే రెండూ కట్టడాన్ని దూరం నుండి చూచి చేసిన నిర్ణయాలే. గుమ్మటం భవనం మీద ఎందుకు ఉన్నది, దేనిని మోస్తున్నది, ఎవరి పనితనంతో లేచింది అన్న ప్రశ్నలు వేసినప్పుడే సరి అయిన విమర్శ మొదలవుతుంది. ఆ ప్రశ్నలు వేయటానికి మద్రాసు నగర వాస్తుశిల్పి రాబర్ట్ ఫెలోస్ చిషోమ్ జీవితం తగిన ఉదాహరణ.

మంచిర్యాల, రామగుండం ప్రాంతాల వారికి మద్రాసు మరీ పరాయి నగరమేమీ కాదు. 1929లో కాజీపేట–బల్లార్షా రైలుమార్గం పూర్తి కావటంతో ఢిల్లీ–మద్రాసు ప్రయాణం ఈ బొగ్గు ప్రాంతం మీదుగానే సాగుతున్నది. మద్రాసు సెంట్రల్ స్టేషనులో దిగి వెలుపలికి వచ్చినవారికి ఆ దాపునే కనిపించే ఎర్రని విక్టోరియా పబ్లిక్ హాలు చిషోమ్ పథకం ప్రకారం కట్టినదే. 1883 డిసెంబరులో దానికి శంకుస్థాపన చేసినవారు విజయనగరం మహారాజా పూసపాటి ఆనంద గజపతి. తెలుగువారి చరిత్రకు చిషోమ్ కట్టడాలతో ఇంతకంటె గాఢమైన సంబంధాలు కూడా ఉన్నవి. అవి ముందు తెలియగలవు.

జీవిత రేఖలు

చిషోమ్ 1840లో లండనులో జన్మించాడు. యౌవనంలోనే భారతదేశానికి వచ్చాడు. 1864లో మద్రాసు ప్రభుత్వం ప్రెసిడెన్సీ కళాశాలకు, విశ్వవిద్యాలయ సెనేట్ భవనానికి నమూనాలు కోరుతూ పోటీ ప్రకటించగా అతని నమూనాలు ఎంపికైనాయి. ఆ విజయంతో మద్రాసులో స్థిరపడి, ప్రభుత్వ సలహా వాస్తుశిల్పిగా రెండు దశాబ్దాల పాటు నగర స్వరూపాన్ని మార్చివేశాడు. కొంతకాలం మద్రాసు కళాపాఠశాలకు అధిపతిగా కూడా ఉన్నాడు. సముద్రతీరంలోని కళాశాల, సెనేట్ భవనం, జనరల్ పోస్టాఫీసు, తిరువనంతపురంలోని నేపియర్ మ్యూజియం అతని ప్రసిద్ధ కట్టడాలు. తరువాత బరోడా గైక్వాడు కొలువులో పనిచేశాడు. చివరకు లండను చేరి, అక్కడ బైజాంటియన్ రీతిలో ఒక పెద్ద చర్చి కట్టాడు. 1915లో మరణించాడు.

అతని తొలి కట్టడాలలో ఒకటైన ప్రెసిడెన్సీ కళాశాల 1870లో ప్రారంభమైనది. అది ప్రధానంగా ఇటలీ దేశపు రీతి. అనగా చిషోమ్ గుమ్మటాల మీద మోజుతో ఈ దేశానికి వచ్చినవాడు కాడు. ఆ మార్గంలోకి అతనిని మళ్ళించినవి రెండు: ఒకటి ప్రభుత్వపు ఆజ్ఞ, రెండవది ఒక నవాబు కోట.

చేపాక్ భవనం

కర్ణాటక నవాబు ముహమ్మద్ అలీ వాలాజా 1768లో చేపాక్‌లో తన నివాసం కట్టించాడు. కలస్ మహల్, హుమాయూన్ మహల్ అనేవి దానిలోని రెండు ముఖ్య భాగాలు. దీనిని కట్టినవాడు పాల్ బెన్‌ఫీల్డ్ అని ప్రతీతి. ఇతడే నవాబుకు అప్పులిచ్చిన కంపెనీ ఉద్యోగులలో ముఖ్యుడు. ఆ అప్పుల భాగోతం ఎంతటిదంటే, 1785లో బర్క్ మహాశయుడు బ్రిటిష్ పార్లమెంటులో దాని మీదనే ఒక సుదీర్ఘ ప్రసంగం చేశాడు. ఒకే మనిషి మేడ కట్టేవాడు, అప్పిచ్చేవాడు అయినప్పుడు ఆ మేడ ఎవరిదన్న ప్రశ్న పునాది నాడే పుట్టినట్లు.

1855లో నవాబు గులాం గౌస్ ఖాన్ సంతానం లేకుండా మరణించాడు. డల్హౌసీ ప్రభుత్వం నవాబు పదవిని రద్దు చేసింది. అప్పుల కింద కోట వేలానికి రాగా కొన్నది కూడా ప్రభుత్వమే. అందులో రెవెన్యూ బోర్డు తదితర కార్యాలయాలు కొలువు తీరాయి. ఉత్తర సర్కారుల రైతు, దత్త మండలాల రైతు చెల్లించిన శిస్తు లెక్కలు చివరికి చేరింది ఈ కప్పు కిందికే. దర్బారు జరిగిన చోటు దస్త్రాల గది అయింది.

1870 ప్రాంతంలో ఈ రెండు మహళ్ళ నడుమ చిషోమ్ ఒక ఎత్తైన బురుజు లేపాడు. ఇటుక, రాయి రంగుల పట్టీలు, కోసుగా లేచిన కమానులు, శిఖరాన గుమ్మటం. పాత భవనంతో అది ఎంత చక్కగా కలిసిపోయినదంటే, కోట అంతా ఒకే కాలపు నిర్మాణమని చూపరులు పొరబడతారు. పనితనం దృష్ట్యా ఇది ప్రశంసనీయం. పాత గోడలను పడగొట్టి యూరపు స్తంభాలు నిలబెట్టటం ఆనాడు సులభమైన పని. చిషోమ్ ఆ పని చేయలేదు. నవాబు భవనపు పోకడను శ్రద్ధగా అర్థం చేసుకొని దానికి తగిన మాట చేర్చాడు.

కాని ఆ బురుజు ఏమి పని చేస్తున్నది? దాని కింద ప్రార్థన లేదు, దర్బారు లేదు, సమాధి లేదు. దాని గుమ్మటం విశాలమైన ఏ మందిరాన్నీ కప్పటం లేదు. దూరం నుండి కనిపించటమే దాని ముఖ్య ప్రయోజనం. నవాబు వెళ్ళిపోయినా నవాబీ ఠీవి ఇక్కడే ఉన్నదని, ఇప్పుడది ప్రభుత్వానిదని అది చాటుతున్నది. ఇక్కడ గుమ్మటం కేవలం గుర్తు. అధికారపు ముద్ర మీద చెక్కిన బొమ్మ వంటిది.

అమీర్ మహల్

ఈ కథకు జంటగా మరొక కథ ఉన్నది. చేపాక్ కోల్పోయిన వంశానికి 1867లో ఆర్కాటు అమీరు అనే బిరుదు లభించింది. తొలి అమీరు అజీం జా. ఆ కుటుంబానికి నివాసంగా రాయపేటలో కంపెనీ వారి పాత కచేరీ భవనం ఒకటి కేటాయించబడింది. 1798లో కట్టిన ఆ భవనాన్ని రాచనివాసంగా మార్చే పని అప్పగించింది చిషోమ్‌కే. 1876 నుండి అదే అమీర్ మహల్.

నవాబుల మహలును కచేరీగా, కచేరీని నవాబుల మహలుగా మలచిన చెయ్యి ఒక్కటే. ఈ తారుమారును వాస్తుశిల్పి దురుద్దేశంగా లెక్కించటం న్యాయం కాదు. నిర్ణయాలు అతనివి కావు. అయితే ఒక సంగతి దీని వలన స్పష్టపడుతున్నది. గుమ్మటమూ కమానూ వాటంతట అవే ఎవరి పక్షమూ కావు. ఎవరి కొలువులో ఉంటే వారి ఘనత చెపుతాయి. కనుక భవనం మీద గుమ్మటం ఉన్నంత మాత్రాన అది ఇస్లామీయ నాగరికతకు గౌరవమని భావించటం తొందరపాటు.

ప్రభుత్వ రీతి, సెనేట్ భవనం

1866 నుండి 1872 వరకు మద్రాసు గవర్నరుగా ఉన్న నేపియర్ ప్రభువు, 1870 ప్రాంతంలో ఆధునిక భారతీయ వాస్తువు గురించి ఉపన్యసిస్తూ, ప్రభుత్వ భవనాలకు ముస్లిం రీతి అనుకూలమని వాదించాడు. విశాలమైన మందిరాలు, నీడ, గాలి, వెలుతురు ఈ రీతిలో సమకూరుతాయన్నది అతని వాదం. ఇది సహేతుకమే. కాని దీని వెనుక మరొక ఆలోచన లేకపోలేదు. మొగలాయీల తరువాత ఏలుబడికి వచ్చినవారు తామేనని, ఏలికల దుస్తులు తమకూ నప్పుతాయని చూపించుకొనే ఆలోచన అది. 1857 తిరుగుబాటు ముగిసి అప్పటికి పది పన్నెండేళ్ళే అయినదని గుర్తుంచుకోవాలి. ఢిల్లీలో చివరి మొగలు చక్రవర్తిని రంగూనుకు పంపించినవారే మద్రాసులో మొగలు కమానులకు ఉత్తరువులు ఇచ్చారు.

ఈ వాతావరణంలో 1874లో మొదలై 1879లో పూర్తి అయినదే సెనేట్ భవనం. నాలుగు మూలల నాలుగు బురుజులు, వాటి మీద గుమ్మటాలు, బైజాంటియన్ పోకడల స్తంభాలు, రంగుల అద్దాలు, నడుమ విశాలమైన సభామందిరం. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడే వరకు సర్కారు జిల్లాల, రాయలసీమ విద్యార్థులు పట్టాలు పొందింది ఈ మద్రాసు విశ్వవిద్యాలయం నుండే. నిజాం రాజ్యంలోని మంచిర్యాల ప్రాంతం మద్రాసు ప్రభుత్వం కింద లేకపోయినా, తీరాంధ్ర ముస్లిం కుటుంబాలలో తొలి పట్టభద్రులు ఈ విశ్వవిద్యాలయపు పట్టాలతోనే బయటికి వచ్చారు.

సెనేట్ భవనం అందమైనది, సందేహం లేదు. అయినా విమర్శకుని దృష్టికి ఇందులో చేపాక్ లోపమే కనిపిస్తుంది. మూలల గుమ్మటాలకు నడిమి మందిరపు కప్పుతో సంబంధం లేదు. వాటిని తొలగించినా లోపలి సభకు చినుకు పడదు. మందిరం ఒక దారిన, గుమ్మటం ఒక దారిన పోతున్నవి. చిషోమ్ ఇక్కడే ఆగి ఉంటే అతడు నేర్పరి అయిన అలంకారికుడుగా మాత్రమే మిగిలేవాడు.

మదురై, చంద్రగిరి పాఠాలు

అతడు ఆగలేదు. నేపియర్ ఆదేశంపై మదురైలో శిథిలమవుతున్న తిరుమల నాయకుని మహలును బాగుచేసే పని చిషోమ్ చేపట్టాడు. మదురై నాయకులు తెలుగువారు. పదిహేడవ శతాబ్దంలో కట్టిన ఆ మహలులో లావైన స్తంభాలు, వాటి మీద ఎత్తైన కమానులు, ఆపైన ఇటుక సున్నపు గుమ్మటాలు ఉన్నవి. మీనాక్షి అమ్మవారి భక్తుడైన ఒక తెలుగు ప్రభువు తన కొలువుకూటానికి దక్కను సుల్తానుల కమానును, గుమ్మటాన్ని నిస్సంకోచంగా ఎన్నుకున్నాడు. చిషోమ్ ఈ కట్టడాన్ని కొలిచి, దానిని గురించి లండనులోని వాస్తుశిల్పుల సంస్థకు వ్యాసం సమర్పించాడు.

1883లో 'ఇండియన్ ఆంటిక్వరీ' పత్రికలో చంద్రగిరి పాత కోట గురించి మరొక వ్యాసం రాశాడు. తిరుపతి చెంతనున్న చంద్రగిరి విజయనగర రాజుల చివరి రాజధానులలో ఒకటి. అక్కడి రాజమహలులో కూడా కమానులు, ఇటుక సున్నపు కప్పులు కనిపిస్తాయి. రాజులు హిందువులు, కట్టుబడి మాత్రం గోలకొండ, బిజాపూరు ప్రాంతాలలోని మేస్త్రీల విద్యకు దగ్గరి చుట్టం.

ఈ రెండు చోట్ల చిషోమ్ గ్రహించదగినది ఒకటున్నది. దక్కనులోను, దక్షిణాదిలోను గుమ్మటం ఒక మతానికి కట్టిన జెండా కాదు. వెడల్పైన గదిని దూలాలు లేకుండా కప్పటానికి తాపీ పనివారు సాధించిన ఉపాయం. మసీదుకు ఉపయోగపడినట్లే కొలువుకూటానికీ ఉపయోగపడింది. ప్రభువులు ఒకరితో ఒకరు యుద్ధాలు చేస్తున్న కాలంలోనే పనివారి విద్య సరిహద్దులు దాటి పోతూ వస్తూ ఉన్నది.

బరోడా గుమ్మటం

ఈ గ్రహింపుకు ఫలం బరోడా కళాశాల. నేడు అది మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయంలో భాగం. అక్కడ చిషోమ్ మధ్య మందిరం మీద భారీ గుమ్మటం నిలిపాడు. దానికి మాదిరి బిజాపూరులోని గోల్ గుంబజ్.

గోల్ గుంబజ్ విశేషం కొంత వివరించటం అవసరం. 1656లో మరణించిన ముహమ్మద్ ఆదిల్ షా సమాధి అది. లోపలి గది చతురస్రం. ఒక్కొక్క భుజం సుమారు 135 అడుగులు. పద్ధెనిమిది వేల చదరపు అడుగులకు మించిన ఆ స్థలంలో నడుమ ఒక్క స్తంభమైనా లేదు. చతురస్రం మీద గుండ్రని గుమ్మటాన్ని ఎలా కూర్చోబెట్టాలి? ఆదిల్‌షాహీ మేస్త్రీలు ఎనిమిది కమానులు ఒకదానినొకటి ఖండించుకొనేటట్లు లేపారు. కింది నుండి చూస్తే రెండు చతురస్రాలను మెలివేసి పరచిన ఎనిమిది కోణాల నక్షత్రంలా ఉంటుంది. కమానుల మధ్య కట్టుబడి లోపలికి వంగి వస్తుంది. గుమ్మటం బరువు గోడలను వెలుపలికి తన్నుతుంటే, లోపలికి వంగిన ఈ కట్టుబడి బరువు దానికి ఎదురు నిలుస్తుంది. రెండు తోపుళ్ళు ఒకదానినొకటి పట్టుకొని ఉండటం వలననే ఆ మహాకట్టడం నిలిచి ఉన్నది.

పైకప్పు బరువు ఎక్కడ దిగుతుందో తెలియకపోతే ప్రాణం పోతుందని సింగరేణి కార్మికునికి ఒకరు చెప్పనక్కరలేదు. గనిలో అది దినదిన గండం. గుమ్మటం కట్టే మేస్త్రీ విద్య కూడా అటువంటిదే. అతడు భూమి పైన ఆకాశంలో అదే లెక్క చూసుకుంటాడు.

బరోడా గుమ్మటం గోల్ గుంబజ్ అంత పెద్దది కాదు. అయినా ఈ దేశంలోని పెద్ద గుమ్మటాలలో ఒకటి. చేపాక్ బురుజుకు, దీనికి ఉన్న వ్యత్యాసం స్పష్టం. ఇక్కడ గుమ్మటాన్ని తొలగిస్తే మందిరమే ఉండదు. బయట కనిపించేది లోపల పనిచేస్తున్నది. 1883లో చిషోమ్ లండను సంస్థకు బరోడా కళాశాలపై వ్యాసం చదివాడు. రీతిని గురించి, భారతదేశంలో గుమ్మటాల కట్టుబడిని గురించి ఆ వ్యాసంలో కలిపి చర్చించాడు. రీతి వేరు, కట్టుబడి వేరు కావన్న దృష్టికి ఆనాటికి అతడు వచ్చాడనటానికి ఇదే గుర్తు. పదమూడేళ్ళ వ్యవధిలో ఒక వాస్తుశిల్పి గుమ్మటం ఆకారం నుండి గుమ్మటం విద్యకు ప్రయాణం చేశాడు. చిషోమ్ కృషిలో శాశ్వతమైన విలువ కలిగినది ఈ ప్రయాణమే.

కొరత

అయితే అతనికి దక్కిన కీర్తి అందరికీ దక్కలేదు. గోల్ గుంబజ్ నిర్మాత దభోల్ వాసి యాకూత్ అని చరిత్ర చెపుతున్నది. ఒక సుల్తాను సమాధికి పనిచేసిన శిల్పి పేరు మూడున్నర శతాబ్దాలుగా నిలిచి ఉండగా, చిషోమ్ కట్టడాలకు ఇటుక పేర్చిన మేస్త్రీల పేర్లు ఏ పుస్తకంలోను ప్రసిద్ధికి రాలేదు. విక్టోరియా పబ్లిక్ హాలు గుత్తేదారు నంబెరుమాళ్ చెట్టి పేరు మాత్రం మిగిలింది. పనివారి విద్యను గౌరవించి నేర్చుకున్న వాస్తుశిల్పి కూడా ప్రభుత్వ పద్ధతిలో పనిచేసినంత కాలం వారిని తెర వెనుకనే ఉంచవలసి వచ్చింది. నమూనా ఒకరిది, చేతిపని మరొకరిది అన్న విభజన ఈ దేశంలో స్థిరపడింది ఆ కాలంలోనే.

హైదరాబాదులో కూడా కథ భిన్నంగా లేదు. 1914–1921 మధ్య నిజాం ప్రభుత్వానికి పనిచేసిన విన్సెంట్ ఎష్ (1876–1950) పేరు హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి, సిటీ కళాశాల భవనాలతో ముడిపడి ఉన్నది. హైకోర్టు విషయంలో జైపూరు శంకర్‌లాల్, స్థానిక ఇంజనీరు మెహర్ అలీ ఫజల్ పేర్లు కూడా చెప్పుకొంటారు. కాని ఒక భేదం గమనించాలి. ఇక్కడ ఆజ్ఞ ఇచ్చినది ముస్లిం ప్రభువు. 1908 మూసీ వరద తరువాత నగరాన్ని తిరిగి కట్టుకొనే అవసరం ఎదుట ఉన్నది. గుమ్మటాలు కుతుబ్‌షాహీ నగరంలో పరాయివి కావు. మద్రాసులో అవి జప్తు అయిన ఠీవికి ఆనవాళ్ళు కాగా, హైదరాబాదులో ఇంటి భాషకు కొనసాగింపు అయినాయి. ఒకే రూపం రెండు చోట్ల రెండు అర్థాలు ఇవ్వటం చిషోమ్ కథ నేర్పిన పాఠాన్ని బలపరుస్తున్నది.

నేటి కట్టడాలకు గీటురాయి

2012 జనవరిలో చేపాక్ కలస్ మహల్ అగ్నిప్రమాదంలో కాలిపోయింది. మంటలార్పటానికి వెళ్ళిన ఒక ఉద్యోగి ప్రాణం కోల్పోయాడు. తరువాత ప్రభుత్వం ఆ మహలును పాత పద్ధతులలో పునరుద్ధరించింది. ఆ పనికి మళ్ళీ సున్నం, గచ్చు పని తెలిసిన పనివారే కావలసి వచ్చారు. రూపం కాగితం మీద ఎప్పుడైనా దొరుకుతుంది. విద్య మాత్రం చేతులలో ఉంటేనే ఉంటుంది.

ఈ సంగతి తెలుగు ముస్లిములకు ఆలోచించదగినది. నేడు పట్టణాలలో లేస్తున్న మసీదులు అనేకం చదునైన సిమెంటు కప్పు మీద గుమ్మటాన్ని ప్రత్యేకంగా పోసి నిలబెట్టినవే. కింద నిలిచిన నమాజీలకు ఆ గుమ్మటం కనిపించదు. దాని వలన గాలి రాదు, వేడి తగ్గదు. సింగరేణి ప్రాంతపు వేసవిలో వేడి తగ్గటమంటే చిన్న విషయమా? వీధి నుండి చూచేవారికి ఇది మసీదని తెలియటమే దాని ప్రయోజనం. చేపాక్ బురుజు చేసిన పని కూడా అదే. పాలకులు అరువు తెచ్చుకున్న పద్ధతిని, తమ సొంత విద్యకు వారసులైనవారే తిరిగి అనుకరించటం విచిత్రం.

గుమ్మటం మసీదుకు విధి కాదు. మదీనాలో దైవప్రవక్త మసీదు మొదట పచ్చి ఇటుకలతో, ఖర్జూరపు మొద్దులతో, మట్టలతో కట్టినది. గుమ్మటం ఇస్లాంకు పూర్వమే రోములోను, ఇరానులోను, కాన్‌స్టాంటినోపుల్‌లోను ఉన్నది. ముస్లిం శిల్పులు దానిని పుచ్చుకొని, లెక్క నేర్చుకొని, బిజాపూరు స్థాయికి పెంచారు. వారి ఘనత పుచ్చుకోవటంలో లేదు, పెంచటంలో ఉన్నది. చిషోమ్ ఒక పరాయి ప్రభుత్వ ఉద్యోగిగా మొదలై, చేపాక్‌లో ఆ రూపాన్ని వాడుకొని, బరోడాలో ఆ విద్యకు శిష్యుడైనాడు. మసీదు కమిటీ వారు నమూనా గీయించుకొనే ముందు మేస్త్రీని అడగవలసిన ప్రశ్న ఒకటే: ఈ గుమ్మటం దేనిని మోస్తున్నది? దానికి సమాధానం దొరకనప్పుడు, గాలి ఆడే ఎత్తైన కప్పు, నీడనిచ్చే వరండా, శుభ్రమైన వజూ స్థలం ఉన్న సాదా మసీదు కట్టుకోవటమే పూర్వీకుల విద్యకు ఎక్కువ గౌరవం.